వార్తాభాషలో వలస, ప్రవాసము

వార్తాపత్రికలలోని భాషను విమర్శకు గ్రహించు సంప్రదాయము మన తెలుగుశాఖలలో అంతగా లేదు. కావ్యమునకు వ్యాఖ్యాతలు కలరు. శాసనమునకు పరిష్కర్తలు కలరు. ఉదయము చదివి సాయంకాలమునకు పొట్లముకట్టు కాగితమునకు వ్యాఖ్యానమెందులకని అడుగువారును కలరు. కాని తెలుగువారిలో పెక్కుమంది ప్రతిదినము చదువు గద్యము ఇదియే. ఎవరిని ఏ పేర పిలువవలెనో, ఎవరి దుఃఖమునకు ఎంత చోటీయవలెనో మనకు తెలియకుండనే నేర్పుచున్నదియు ఇదియే. ఈ వ్యాసమున మేము ఒక చిన్న ప్రశ్ననే విచారింపబూనితిమి. ఊరు విడిచిపోయిన మనుష్యుని మన వార్తాభాష ఏ పేరుతో వ్యవహరించుచున్నది? ఆ పేరు వాని ప్రయాణమును బట్టి వచ్చినదా, వాని అంతస్తును బట్టి వచ్చినదా?

మొదట 'వలస' యను మాటను చూతము. శత్రుసేన వచ్చునను భయముచే ఇల్లు విడిచిపోవుట అని బ్రౌను నిఘంటువు ఈ పదమునకు అర్థము చెప్పినది. అనగా పుట్టుకలోనే ఈ మాటయందు భయము కలదు. తఱుముచున్న వాడొకడు కలడు. అయితే ఉత్తరాంధ్రమునకు పోయినచో ఈ మాటకే మఱియొక ముఖము కనబడును. ఆమదాలవలస, కొత్తవలస మొదలుగా ఆ ప్రాంతమున 'వలస' అంతమందుగల గ్రామనామములు అనేకములు. అచ్చట వలస యనగా పాఱిపోవుట కాదు, చేరుకొనుట. ఒక చోటు విడిచినవారు మఱియొక చోట పొయ్యి వెలిగించిరి. ఆ చోటు ఊరైనది. భాష ఆ సంగతిని గుర్తుంచుకొన్నది. నేటి వార్తాభాష ఈ రెండవ యర్థమును పూర్తిగా విడిచిపెట్టినది. పత్రికలోని వలసకు బయలుదేరుటయే కాని చేరుట లేదు. పాలమూరు కూలీలు నాగార్జునసాగరము, శ్రీశైలము వంటి ఆనకట్టల పనులలో తమ వయస్సు ధారవోసిరి. ఆ నీటితో తడిసిన పొలములు ఊళ్లను పోషించినవి. వారు మాత్రము వార్తలో నేటికిని 'వలసకూలీలే'. ముంబయిలో ముప్పదియేండ్లు ఇండ్లు కట్టినవాడును వలసకూలీయే. (ఒక పక్షమునుండి గెలిచి మఱియొక పక్షమున చేరు శాసనసభ్యుల విషయమునను పత్రికలు 'వలసలు' అనియే వ్రాయుచున్నవి. వారిని తఱిమిన శత్రుసేన యేదో మాకు తెలియదు.)

దీని ప్రక్కన 'ప్రవాసము'ను నిలిపి చూడవలెను. ఇది సంస్కృతపదము, గౌరవము గలది. గాంధీ మహాత్ముడు 1915 జనవరి 9న దక్షిణాఫ్రికానుండి తిరిగివచ్చినందులకు గుర్తుగా ఆ దినమును ప్రవాసి భారతీయ దివసముగా ప్రభుత్వము 2003నుండి జరుపుచున్నది. అమెరికాలోని ఇంజనీరు మన పత్రికలకు ప్రవాసాంధ్రుడు, లేదా ఎన్నారై. జగిత్యాలనుండియో నిజామాబాదునుండియో దుబాయికి పోయిన మేస్త్రీ సైతము సముద్రమును దాటినవాడే. చట్టముదృష్టిలో అతడును ఎన్నారైయే. పత్రికలో మాత్రము అతడు 'గల్ఫ్ కార్మికుడు'. కష్టము వచ్చినచో 'గల్ఫ్ బాధితుడు'. కాబట్టి దూరము ఇచ్చట కొలమానము కాదు; సరిహద్దు కొలమానము కాదు. చేతిపనియా, కూర్చుండి చేయు పనియా యనునదే కొలమానము. ఒక మాట సంస్కృతమునుండి, ఒక మాట దేశ్యమునుండి వచ్చుటయు కేవలము యాదృచ్ఛికము కాదని మా యభిప్రాయము. జిల్లాలకు వేఱు పుటలు వేయు పద్ధతి స్థిరపడిన పిమ్మట ఈ భేదము చోటునందును కనబడుచున్నది. ప్రవాసి విజయము తఱచు మొదటిపుటకో ప్రధానసంచికకో వచ్చును. గల్ఫునుండి వచ్చిన శవపేటిక వార్త తఱచు ఆ జిల్లాపుట దాటదు. జగిత్యాల దుఃఖము జగిత్యాలలోనే చదువబడును.

పేరుపెట్టబడుట యెట్లుండునో తెలుగువారు ఎఱుగనివారు కారు. గోదావరీ విశాఖ తీరములనుండి మనవారు బర్మాకు పోవు కాలమున రంగూనును 'రంగము' అనెడివారు. రంగము పోవుట యనగా వారికి బ్రదుకు. అచ్చటివారు వీరిని పిలిచిన పేరు వేఱు. కాకినాడ చెంతగల కోరంగి రేవునుండి వచ్చినవారని 'కోరంగీలు' అనిరి. ఒక రేవుపేరు క్రమముగా తక్కువమాటయై, తిట్టై నిలిచినది. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు సమ్మె చేసినపుడు వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టిరి. సమ్మె ముగిసి వీరు తిరిగిరాగా వారిని తొలగించిరి. అందుండి పుట్టిన కల్లోలమున చంపబడినవారిలో పెక్కుమంది ఈ కూలీలే. కూలిని రెండు చేతులతో ఆడించినవారు రేవుయజమానులు. చరిత్రలో మిగిలిన పేరు 'జాతుల కల్లోలము'.

ఊరిపేరు తిట్టగుట మన యింటను జరిగినది. బాపట్ల సమీపమున స్టూవర్టుపురము 'నేరస్థజాతుల' చట్టముక్రింద ఎఱుకలవారికి ఏర్పఱచిన నివాసము. ఆ చట్టము 1952లో రద్దయినది. కాని 'స్టూవర్టుపురము' అను విశేషణము దొంగతనముల వార్తలలోను చలనచిత్రములలోను రద్దు కాలేదు. చట్టము విడిచినవారిని వార్త విడువలేదు.

ఇక 2020వ సంవత్సరము. మార్చి 24 రాత్రి నాలుగుగంటల వ్యవధితో దేశమంతయు మూయబడినది. లక్షలకొలది జనులు నగరములనుండి నడచి ఊళ్లకు బయలుదేరిరి. 'వలసకూలీ' అను మాట అంతటి విస్తృతిగా మునుపెన్నడును అచ్చుకాలేదు. మే 8 తెల్లవాఱుజామున నాటి ఔరంగాబాదు జిల్లాలో, జాల్నానుండి నడచివచ్చి రైలుపట్టాలపై నిద్రించిన 16 మంది కార్మికులు గూడ్సుబండి క్రింద మరణించిరి. పట్టాలపై చెదరిపడిన రొట్టెల చిత్రమును చూడనివారు లేరు. ఆ చిత్రము నిజమైనది. దానిని తీసినవారిని మేము తప్పుపట్టము. కాని దానిచుట్టు అల్లిన వాక్యములను పరీక్షింపక తప్పదు. 'మృతి', 'దుర్మరణము', 'బలి' అను నామపదములతో మన శీర్షికలు ముగియును. వానిలో క్రియ లేదు. క్రియ లేనిచోట కర్త లేడు. కర్త ఉన్నచో అది రైలు.

ఇచ్చట మన అలంకారశాస్త్రము కొంత తోడ్పడును. నాట్యశాస్త్రము కరుణరసమునకు విభావములుగా శాపము, ఇష్టజనవియోగము, విభవనాశము, వధ, బంధము మున్నగువానిని పేర్కొన్నది. ఇవి యన్నియు ఒక్కవిధమైనవి కావు. శాపమునకు లోకమున ఎవరిని అడుగగలము? వధకు, బంధమునకు అట్లు కాదు. వధించినవాడు, బంధించినవాడు ఉండితీరును. కరుణము ఉన్నంతమాత్రమున కర్త మఱుగుపడనక్కఱలేదని శాస్త్రమే సూచించుచున్నది. మన వార్తాభాష బంధమువలన కలిగిన దుఃఖమును సైతము శాపమువలన కలిగినట్లు వ్రాయుచున్నది. 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికులకై ఒక చట్టము చేసినది. గుత్తేదారు తెచ్చిన కార్మికునకు వచ్చుటకు, పోవుటకు ప్రయాణభత్యము అతడే ఈయవలెనని అందు కలదు. 2020లో నడచినవారిలో ఈ చట్టము వర్తింపవలసినవారు ఎందఱో కలరు. కాని ఆ నడకను హృదయవిదారకమని వ్రాసిన వార్తలు కోకొల్లలు. అది చెల్లింపని బాకీ యని వ్రాసిన వార్తలు అరుదు. పాఠకుడు కంట తడిపెట్టెను. ఎవరిని అడుగవలెనో వానికి తెలియలేదు.

ఆ యేప్రిలులోనే ఛత్తీసుగఢు రాష్ట్రపు బిజాపూరు జిల్లాకు చెందిన 12 ఏండ్ల బాలిక, ములుగు జిల్లా మిర్చితోటలలో కూలికి వచ్చినది, మూడుదినములు నడచి, ఇల్లు చేరవచ్చుచుండగా మరణించినది. తెలుగుదేశము వలసపోవు నేలయే కాదు, వలసవచ్చు నేల. ఇటుకబట్టీలకు ఒడిశానుండి, తోటలకు ఛత్తీసుగఢునుండి వచ్చువారు మన భాష రానివారు. మన పత్రికను చదువనివారు. పత్రిక వారిని గుఱించి వ్రాయును కాని వారికొఱకు వ్రాయదు. 'ఒడిశా కూలీలు' అను మాటను అచ్చులో చూచినపుడెల్ల మాకు 'కోరంగీలు' స్ఫురించును.

ఈ విచారణలో మాకు మిక్కిలి బాధ కలిగించిన విషయము వేఱొకటి కలదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున హైదరాబాదుకు చెందిన యువ ఇంజనీరును, దేశము విడిచిపొమ్మని అఱచుచు ఒకడు తుపాకితో కాల్చిచంపెను. తెలుగు పత్రికలు దానిని 'జాత్యహంకారము' అని స్పష్టముగా పేర్కొన్నవి. అది సత్యమే; అట్లే వ్రాయవలెను. హంతకుని మనస్సులోని ద్వేషమునకు పేరుపెట్టగల శక్తి మన భాషకు కలదని అది నిరూపించినది. అయితే 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులు చంపబడినపుడు ఈ శక్తి ఏమైనది? గ్రామములలో ఇట్టి దాడులు జరిగినపుడు 'ఇరువర్గముల ఘర్షణ' అనుట వార్తాభాషకు అలవాటు. ఘర్షణ యనగా రెండు వస్తువులు ఒరసికొనుట. అందు కొట్టినవాడును లేడు, కొట్టబడినవాడును లేడు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతరవివాహము చేసికొన్న దళితయువకుని హత్యకు 'పరువుహత్య' అను పేరే వ్యాప్తమైనది. ఆ సమాసమున పరువు ఎవరిది? చంపించినవానిది. హతుని పక్షమున నిలిచినవారు 'కులదురహంకారహత్య' అను మాటను ముందునకు తెచ్చిరి. సమాసము మాఱిన క్షణముననే నేరము చోటు మాఱినది. 2001లో డర్బనులో జరిగిన ప్రపంచసదస్సున కులవివక్షను జాతివివక్షతోపాటు చర్చింపవలెనని దళితసంఘములు కోరగా భారతప్రభుత్వము అంగీకరింపలేదు. కులము జాతి యగునా కాదా యనునది సామాజికశాస్త్రజ్ఞులు తేల్చుకొననిండు. అహంకారము అట్లాంటిక్ ఆవల ఉన్నపుడు కనబడి, ఊరిచెఱువు ఆవల ఉన్నపుడు ఘర్షణగా మాఱుట మాత్రము భాషావిషయము. అది మన పని.

ఇందులకు వార్తలు వ్రాయువారి దురుద్దేశమే కారణమని మేము తలంపము. శీర్షికకు చోటు తక్కువ. ఉపసంపాదకునకు కాలము తక్కువ. కాని చేతికి ముందుగా వచ్చు మాట ఏదో నిర్ణయించునది ఆ బల్లచుట్టు కూర్చున్నవారెవరను విషయమే. అమెరికాలో 1967 నాటి కల్లోలములను విచారించిన కెర్నరు సంఘము తన 1968 నివేదికలో ఒక అధ్యాయమును వార్తాసంస్థలకే కేటాయించి, సంపాదకవర్గ ఉద్యోగములలో నల్లజాతివారు నూటికి ఐదుగురికన్న తక్కువయనియు, పత్రికలు తెల్లవారి లోకమునుండి చూచి వ్రాయుచున్నవనియు చెప్పినది. మన దేశమున 1996లో బి. ఎన్. ఉనియాల్ అను పాత్రికేయుడు ఢిల్లీలో దళిత విలేకరికై వెదకి, ఒక్కనిని సైతము కనుగొనలేకపోయితినని వ్రాసెను. 2019లో ఆక్స్‌ఫాం ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి ప్రకటించిన పరిశీలనలో, చూచిన 121 నాయకత్వ పదవులలో 106 అగ్రవర్ణములవారివని తేలినది. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు ఒక్కరును లేరు. మాటలు మాఱనివి కావు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2013లో మనుష్యునకు 'అక్రమ' అను విశేషణమును వాడరాదనియు, అది చేయబడిన పనికే చెందుననియు తన భాషానియమావళిని సవరించినది.

2020 సెప్టెంబరు 14న, నడకలో మరణించిన వలసకార్మికుల లెక్క యెంతయని లోకసభలో అడుగగా అట్టి లెక్క తమయొద్ద లేదని కేంద్రప్రభుత్వము ఉత్తరమిచ్చినది. అప్పటికే కొందఱు స్వచ్ఛందముగా పత్రికావార్తలనుండి ఒక్కొక్క మరణమును ఏఱి పట్టిక కూర్చియుండిరి. ఇన్ని దోషములు చూపిన పిమ్మట ఈ ఋణమును మేము చెప్పితీరవలెను: రహదారులవెంట తిరిగి వార్తలు పంపిన గ్రామీణ విలేకరులు లేనిచో ఆ మరణములకు ఆ జాడయు దక్కెడిది కాదు. పొట్లముకట్టు కాగితమే శాసనమైనది. అయితే ఆ శాసనమును చదువబోవు పరిశోధకునకు దొరకునది తఱచు తేది, రహదారి, వాహనము, సంఖ్య. పాలమూరున కూలీలను కూడగట్టి, ముందుగా బయానా ఇచ్చి, పనికి కొనిపోవువానికి 'గుంపుమేస్త్రీ' యని చక్కని తెలుగుపేరు కలదు. కూలీ మరణించిన వార్తలో ఆ మాట కొఱకు మేము వెదకితిమి. అది మిక్కిలి అరుదుగా దొరకినది.