గుఱ్ఱమునకు మందు - గెలుపెవరిది?

2004వ సంవత్సరమున ఏథెన్స్ ఒలింపిక్ క్రీడలలో, అడ్డుకొయ్యలను దుమికించు గుఱ్ఱపు పోటీయందు ఐర్లండు రౌతు ఒకడు స్వర్ణపతకము గెలిచెను. అతని గుఱ్ఱము పేరు వాటర్‌ఫర్డ్ క్రిస్టల్. పిమ్మట పరీక్షింపగా దాని శరీరములో ఫ్లూఫెనజీన్, జూక్లోపెంథిక్సాల్ అను రెండు మందులు కనబడెను. రెండును మనుష్యులలో చిత్తభ్రమకు వాడునవే. చికిత్సాసమయమున గుఱ్ఱము కుదురుగా నుండుటకై వానిని ఇచ్చినట్లు పశువైద్యుడు చెప్పెను. రౌతు బుద్ధిపూర్వకముగా మోసము చేయలేదని విచారణసంఘము అంగీకరించెను. అయినను 2005లో పతకము రద్దయి బ్రెజిల్ రౌతు రోడ్రిగో పెస్సోవాకు దక్కెను.

మోసము లేనిచోట శిక్ష యేల? ఈ ప్రశ్నకు జవాబు గుఱ్ఱపు మెదడులోనే కలదు. డోపమీన్ అను రసాయనము ఒక నాడీకణమునుండి మరియొకదానికి వార్తను చేరవేయును. ఆ వార్తను అందుకొను స్థానములను ఫ్లూఫెనజీన్ ఆక్రమించును. అందుచే జెండా కదలినను, జనులు కేకలు వేసినను గుఱ్ఱము అంతగా బెదరదు. భారతదేశమున ప్రసిద్ధమైన సర్పగంధి వేరునుండి 1952లో వేరుచేయబడిన రిసర్పిన్ దారి వేరు. అది నాడీకణములలో డోపమీన్ మొదలగువాని నిలువలను ఖాళీచేయును. రక్తపోటునకు వాడిన ఈ మందును గుఱ్ఱములకును ఇచ్చుట కలదు. దీని ప్రభావము దినముల తరబడి నిలుచును.

ఇట్టి మందులను సమర్థించువారు చెప్పు మొదటి వాదము: “ఇవి బలము నీయవు, వేగము నీయవు; శాంతిని మాత్రమే యిచ్చును.” కాని ఈ పోటీలలో పరీక్షింపబడునది ఆ నిబ్బరమే కదా! ఓపికతో నెలల తరబడి నేర్పవలసిన దానిని సూదితో ఎక్కించినచో గెలిచినది శిక్షణ కాదు, సూది.

రెండవ వాదము గుఱ్ఱపు క్షేమమును గూర్చినది. భయపడు ప్రాణికి భయము తగ్గించుట దయ కాదా యందురు. గుఱ్ఱము పరుగెత్తి ప్రాణము దక్కించుకొను జంతువు; భయము దాని భాష. కాలినొప్పిచే బెదరిన గుఱ్ఱమునకు మత్తునిచ్చిన, నొప్పి పోదు, దానిని తెలుపు మార్గము పోవును. అడుగు తడబడిన రౌతునకును ముప్పే. పైగా ఫ్లూఫెనజీన్ వలన కొన్ని గుఱ్ఱములు చెమటలు పట్టి, నిలువలేక, నేలను గిట్టలతో ఎడతెగక త్రవ్వుట పశువైద్యులు చూచిరి. ఇది శాంతి యనదగునా?

మూడవ వాదమున కొంత సత్యము కలదు. నేటి పరికరములు అత్యల్ప పరిమాణమునైన పట్టును. నిజముగా చికిత్స పొందిన గుఱ్ఱము చిక్కుకొనవచ్చును. దీనికి మందు పూర్తిగా వెడలువరకు పోటీనుండి ఆపుటయే విరుగుడు. నియమమును సడలించుట కాదు. మనుష్యుడైన క్రీడాకారుడు మందు వలదనగలడు. గుఱ్ఱము అనలేదు.

అయితే నిషేధమొక్కటే చాలదు. అమెరికాలో హంటర్ పోటీలయందు నెమ్మదిగా నడచు గుఱ్ఱమునకు గుణములెక్కువ. అచట గాబా అను పదార్థమును 2012లో నిషేధింపవలసివచ్చెను. ఒకటి పోయిన మరియొకటి వెదకుదురు. చురుకైన చెవులు, కదలు తోకగల గుఱ్ఱమును తక్కువచేసి, సగము నిద్రించు గుఱ్ఱమునకు పెద్దపీట వేయు న్యాయనిర్ణేతలు ఉన్నంతకాలము సూదికి గిరాకి తగ్గదు. పరీక్ష గుఱ్ఱపు రక్తమునకే కాదు, తీర్పు చెప్పువారి అభిరుచికిని జరుగవలెను.