శ్యామాచరణ దుబేగారి గ్రామలక్షణము

విద్వాంసుఁడు పదవి నధిష్ఠించినయెడల లోకము వాని గ్రంథములను మఱచి పదవులను లెక్కించుట పరిపాటి. మానవశాస్త్రజ్ఞులైన శ్యామాచరణ దుబేగారు (1922-1996) 1972 మొదలు 1977 వఱకు సిమ్లాలోని భారతీయ ఉన్నతాధ్యయన సంస్థకు సంచాలకులుగను, 1978 మొదలు 1980 వఱకు జమ్మూ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగను ఉండిరి. అయినను వారి కీర్తికి మూలము ఆ పీఠములు గావు. హైదరాబాదునకుఁ జేరువనున్న శామీరుపేట.

వారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున నుండఁగా, 1951-52 సంవత్సరములలోఁ బలుశాస్త్రములవారితోఁ గూడి యా యూరిని బరిశీలించిరి. తత్ఫలమైన 'ఇండియన్ విలేజ్' 1955లో లండనునఁ బ్రకటితమైనది.

వ్యాకరణమున లక్ష్యము ముందు, లక్షణము వెనుక. ప్రయోగమును జూచి సూత్రము చేయవలెను గాని సూత్రమునకై ప్రయోగమును ద్రోసిపుచ్చరాదు. దుబేగారి మార్గమును నిదియే. ధర్మశాస్త్రములను ముందిడుకొని గ్రామమును గొలువక, ఊరిలో నొకనికి గౌరవ మెట్లు గలుగుచున్నదో చూచి, మతకులములు, భూస్వామ్యము, ధనము, ప్రభుత్వోద్యోగము లేక గ్రామాధికారము, వయస్సు, వ్యక్తిగుణము అని యాఱు హేతువులను జెప్పిరి. కులమొక్కటియే సర్వమును నిర్ణయించునను పుస్తకజ్ఞానమున కిది తగిన సమాధానము.

ఒక్క తెలుఁగుటూరిని వర్ణించి భారతగ్రామమని పేరిడుట యతివ్యాప్తి గాదా యని యాక్షేపింపవచ్చును. కాని యే యొక్క గ్రామమును దేశమున కంతకుఁ బ్రతినిధి గాఁజాలదని గ్రంథకర్తయే యంగీకరించిరి. కావున దోషము నామమునందే కాని యర్థమునందు లేదు.

రెండవ యాక్షేపము బలవత్తరము. గ్రంథ మాంగ్లమున నుండుటచే నూరివారి పలుకుబడుల సారము చాలవఱకు జాఱిపోయినది. వెట్టి యను రెండక్షరములలో మనవా రెఱిఁగిన బాధ యే యాంగ్లపదమున నిముడును?

1958లో వెలువడిన 'ఇండియాస్ చేంజింగ్ విలేజెస్' అను గ్రంథమున, సమాజాభివృద్ధి ప్రణాళికల లాభము మిక్కిలిగాఁ బలుకుబడిగల సంపన్న కర్షకులకే చేరెనని వారు చూపిరి. ఉత్తరప్రదేశమునఁ గన్నదానిని దాఁపక చెప్పిన యీ నిష్పక్షపాతము పదవులకంటె గొప్ప భూషణము.

ఉపకులపతిత్వము రెండేండ్లలో ముగిసినది. శామీరుపేట గ్రంథము నేఁటికిని బఠనీయముగనే యున్నది. ఆ గ్రంథమును వ్రాసినవారు మధ్యభారతమునుండి వచ్చిన విద్వాంసులు. లోకప్రయోగమే ప్రమాణమని శిష్యులకు నిత్యము బోధించు మనము, ఈ వ్యాసకర్తతోఁ గూడ, ఒక్క యూరినైన నట్లు చూచితిమా? తెలుఁగు పల్లెను దెలుఁగున వ్రాయు భారము మనయందే యున్నది.