మేము, మనం: ఒక చెరోకీ పుస్తకం

ట్రేసీ సోరెల్ అమెరికాలోని చెరోకీ నేషన్‌కు చెందిన రచయిత్రి. ఆమె 2018లో తెచ్చిన పిల్లల బొమ్మల పుస్తకం ‘వి ఆర్ గ్రేట్‌ఫుల్: ఓజాలీహేలీగా’. బొమ్మలు ఫ్రానే లెసాక్ వేశారు.

ఇందులో కథ లేదు, ఒక ఏడాది ఉంది. ఆకులు రాలే కాలంలో చెరోకీల కొత్త సంవత్సరంతో మొదలవుతుంది. ఇళ్లు శుభ్రం చేసుకుంటారు. బుట్టలకు తీగలు ఏరుకుంటారు. ఆడవాళ్లు కాళ్లకు తాబేటి చిప్పల గజ్జెలు కట్టుకుని రాత్రంతా నిప్పు చుట్టూ ఆడతారు. వంశపు బంధువు ఒకరు సైన్యానికి వెళ్తారు. సంతోషానికీ బాధకూ ఒకటే పల్లవి: ఓజాలీహేలీగా. కృతజ్ఞతతో ఉన్నాం అని అర్థం.

‘వంశపు బంధువు’ అన్న మాట దగ్గర మనం ఆగాలి. చెరోకీలకు ఏడు వంశాలు. మా కోయల్లో గట్టు తండ్రి నుంచి వస్తే, వాళ్లకు వంశం తల్లి నుంచి వస్తుంది. అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలంతా తోబుట్టువులే, మన పెద్దమ్మ, చిన్నమ్మ పిల్లల్లాగే. ఇది తెలిసి చదివితే సైన్యానికి వెళ్లేది ఎవరో బంధువు కాదు, అన్నో అక్కో కావచ్చు.

నాకు రెండు లోట్లు కనిపించాయి. ఒకటి, బుట్ట ఉంది కానీ నేర్పే చేయి లేదు. పెద్దది తీగ వంచి చూపడం, చిన్నది తప్పు అల్లడం, విప్పి మళ్లీ అల్లడం మాటల్లో ఎక్కడా లేవు. ఆచారం తోబుట్టువుల మధ్య నిలిచేది ఆ తప్పుల్లోనే కదా! రెండు, ఓజాలీహేలీగాలోని ‘ఓజ్’ అంటే మేము. వినేవారు అందులో లేరు. మా కోయ మాటలోనూ మేము, మనం వేరు. బయటివారికి ‘మేమింకా ఉన్నాం’ అని చెప్పడానికి మేము సరిపోతుంది. తమ్ముడికి నేర్పాలంటే మనం కావాలి.

ఈ పుస్తకం మా ఆశ్రమ పాఠశాలలో చెప్పినప్పుడు ఐదో తరగతి పిల్ల అడిగింది: “సార్, ఆ పిల్ల తమ్ముడు కూడా ఇంట్లోనే ఉంటాడా?” ఆమె తమ్ముడు వేరే హాస్టల్లో ఉన్నాడు. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్‌లో ఇద్దరూ చెరో చోట పరీక్షలు రాస్తుంటారు. వాడికి పూలు ఏరడం నేర్పాల్సింది ఆమే. నేను జవాబు చెప్పలేకపోయాను. అమెరికాలోనూ బోర్డింగు బడులు ఆదివాసీ పిల్లలను ఇంటికీ భాషకూ దూరం చేశాయి.

అయితే పుస్తకం చివర చెరోకీ లిపి పట్టిక ఉంది. సెక్వోయా 1821లో ఆ లిపిని పూర్తిచేసి, మొదట నేర్పింది తన చిన్న కూతురు అయోకాకే. ఆ పేజీలో మేము మనం అవుతుంది. చదివిన పిల్ల ఒక్క అక్షరమైనా తమ్ముడికి నేర్పగలదు.

ఆ పట్టిక చూసి మా పిల్ల తిరిగి అడిగింది: “మన మాటలకు ఇలాంటిది చేద్దామా సార్?” మనం అంది. సంక్రాంతి సెలవులకు తమ్ముడికి చూపించడానికి ఇరవై కోయ మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుంటోంది. మొదటి మాట తనే ఎంచుకుంది: ఇప్పపువ్వు.