చట్రం బయటి మనుషులు

వెల్లింగ్టన్‌లో పుట్టిన బ్రయన్ బ్రేక్ 1960లో తీసిన 'మాన్సూన్' చిత్రాల్లో వానకు మొహమెత్తిన అమ్మాయి అపర్ణా సేన్. ఆ వాన నిజానికి మేడమీద పోసిన నీళ్ళే! పోసిన చెయ్యి మాత్రం చట్రంలో లేదు.

2006 నాటి లైకా ఎం8 రేంజ్‌ఫైండర్‌కి 50 మి.మీ. లెన్సు పెడితే, కిటికీలో చట్రం గీతల అవతలి మనుషులూ కనిపిస్తారు. 2018 నాటి సోనీ ఏ7-3 లెన్సు చూసినంతే చూపుతుంది.

లోపాలు లైకాకే ఎక్కువ. ఫోకస్ చేత్తో కలపాలి. ఫిల్టరు లేకపోతే నల్లటి సింథటిక్ బట్టలు ఊదారంగుకు తిరుగుతాయి. మసక వెలుతురు హాల్లో కూచిపూడి ఆడే పాప కన్ను వెతికి పట్టుకునేది సోనీయే.

వేదిక ఫొటోలకు సోనీయే కొనండి. పండుగనాడు వంటింట్లో గరిటె తిప్పే చేతులూ, మూలన కూర్చున్న అమ్మమ్మా మన ఆల్బంలోకి రావాలంటే మాత్రం, ఆ పాత కిటికీ చూపు మనకి అలవడాలి.