కౌజు పేరుతో వచ్చిన పిట్ట

అడవి పిట్టలను పెంచుకుంటే వేట తగ్గుతుంది, అడవి మిగులుతుంది, పేదల చేతికి నాలుగు పైసలొస్తాయి. ఈ మాట మేం మా తండాల్లో, చెంచు పెంటల్లో తరచూ వింటున్నాం. ఇందులో సగం నిజముంది. మిగతా సగాన్ని పరీక్షించాలి.

ముందు పేరు చూద్దాం. దేవరకొండ గుట్టల్లో, అచ్చంపేట చెలకల్లో పొద్దున్నే కూసే కౌజు వేరు. షెడ్లలో పెంచి కౌజు పేరుతో అమ్మేది వేరు. అది 1974లో మన దేశానికి తెచ్చిన జపాన్ పూరేడు. ఐదారు వారాలకే కూరకు పనికొస్తుంది. లాభం లేదనం. కానీ మన చెలక కౌజును పట్టినా, అమ్మినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రెంటికీ ఒకే పేరు పెడితే వల పిట్ట కూడా ఫారం పిట్ట చాటున అమ్ముడుపోతుంది. దొరికితే కేసు మన పిల్లల మీదే.

ఇక సంరక్షణ సంగతి. షెడ్డు పిట్ట గుడ్లు పెడుతుంది కానీ పొదగడం మరిచింది, మిషనే పొదగాలి. అది అడవిని నింపలేదు. ప్రపంచమంతా ఫారాల్లో కోట్లుగా పెరుగుతున్నా, అడవిలోని జపాన్ పూరేడు ముప్పుకు దగ్గరపడిందని ఐయూసీఎన్ జాబితా చెబుతోంది. సొంత జాతినే కాపాడని పెంపకం మన కౌజును ఎట్లా కాపాడుతుంది?

బతుకుదెరువు చూద్దాం. పిల్లలు, దాణా, కరెంటు అన్నీ కొనాల్సిందే. కొనేవాళ్లు లేకపోతే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈము పక్షులు పెంచి అప్పులపాలైన రైతులను అడగండి.

పెంపకమే వద్దని మేం అనడం లేదు. వేల ఏళ్ల కింద మనుషులు మచ్చిక చేసిన అడవికోడి వంశమే మన నాటుకోడి. తన గుడ్లు తానే పొదుగుతుంది, పెంటకుప్ప మీద ఏరుకు తింటుంది. కొక్కెర రోగానికి వేళకు టీకా పడితే ఇంటి ఆడవాళ్ల చేతిలో డబ్బు నిలుస్తుంది. కౌజుకు కావలసింది పంజరం కాదు, గట్టు మీద నరకని పొద. అది నేల మీదే గుడ్లు పెడుతుంది. గడ్డిమందు కొట్టి పొదలు కాల్చేస్తే దానికి చోటే ఉండదు.

టీచర్లకు ఒక మాట. ఈ సంవత్సరం పిల్లలతో పెద్దల దగ్గరికి వెళ్లండి. ఏ పిట్టను ఏ పేరుతో పిలుస్తారో, ఏ నెలలో గూడు కడుతుందో రాయించండి. పేరు తెలిసిన పిల్లలను పేరు మార్చి ఎవరూ మోసం చేయలేరు.