సగం క్లింకరుతో నిండు సిమెంటు

2012లో ‘సిమెంట్ అండ్ కాంక్రీట్ రీసెర్చ్’ పత్రికలో మాథ్యూ ఆంటొని, మరో ముగ్గురు కలిసి రాసిన పరిశోధన పత్రం ఒకటి అచ్చయింది. వాళ్లు చేసింది పైపైన చూస్తే మన ఊళ్లలో కల్తీ అని తిట్టే పనే. నూరు పాళ్ల పోర్ట్‌లాండ్ సిమెంటులో 45 పాళ్లు తీసేశారు. ఆ చోట 30 పాళ్లు కాల్చిన మట్టి, 15 పాళ్లు కాల్చని సున్నపురాయి పొడి వేశారు. ఇసుక, నీళ్లు కలిపి అచ్చు పోసి, ఏడో రోజున ఒకసారి, ఇరవై ఎనిమిదో రోజున ఒకసారి విరగ్గొట్టి చూశారు. రెండుసార్లూ ఈ మిశ్రమమే ఎక్కువ బరువు మోసింది. ఏమీ కలపని అసలు సిమెంటు వెనకబడింది.

వేసిన సరుకులో కొత్తదేమీ లేదు. కాల్చిన మట్టి గారకు బలమిస్తుందని మన కట్టుబడి పనివాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. ఇటుకల పొడిని సున్నంలో కలిపి చేసే సుర్కీ అదే. మైసూరు దగ్గరి కృష్ణరాజసాగర్ ఆనకట్ట నిలిచింది సుర్కీ గార మీదే. సున్నపురాయి పొడిని సిమెంటులో కలపడం యూరప్‌లో దశాబ్దాలుగా ఉన్నదే. తెలిసిన రెండు సరుకులు పక్కపక్కన పడితే ఒకదాని లోటు ఇంకొకటి ఎలా తీరుస్తుందో కనిపెట్టి, దాన్ని లెక్కతో సహా నిలబెట్టడంలో ఉంది వీళ్ల పనితనం. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో కారెన్ స్క్రివెనర్, క్యూబాలోని సాంతా క్లారా నగరంలో ఫెర్నాండో మార్టిరెనా ఈ పనికి పెద్దదిక్కుగా ఉన్నారు. ఆ మిశ్రమానికి ఇప్పుడు స్థిరపడ్డ పేరు ఎల్‌సీ3. సగం క్లింకరు, 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం సున్నపురాయి, 5 శాతం జిప్సం: దీని మామూలు పాళ్లివి.

క్లింకరును ఎందుకు తగ్గించాలో క్లుప్తంగా చెప్పుకుందాం. సున్నపురాయికి కాస్త మట్టి చేర్చి 1450 డిగ్రీల దాకా కాలిస్తే గుండ్లుగా బయటికొచ్చేది క్లింకరు. కొద్దిగా జిప్సం వేసి దాన్ని నూరితే సిమెంటు. ఈ బట్టీ నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో ఎక్కువ భాగం బొగ్గుది కాదు, రాయిదే. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు గాలిలో కలుస్తుంది. సోలార్ కరెంటుతో కాల్చినా పిడకలతో కాల్చినా ఆ 44 కిలోలు తగ్గవు. ప్రపంచం ఏటా దాదాపు 400 కోట్ల టన్నుల సిమెంటు వాడుతోంది. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం దీని ఖాతాలోనే పడుతోంది. బట్టీని ఎంత బాగుచేసినా ఈ లెక్క పెద్దగా మారదు.

ఇప్పుడు అసలు పనితనం దగ్గరికొద్దాం. క్లింకరు నీళ్లలో తడిసినప్పుడు ముఖ్యంగా రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి కాల్షియం సిలికేట్ జిగురు; కాంక్రీటు బలమంతా దానిదే. రెండోది తడిసున్నం, అది బలానికి పెద్దగా అక్కరకు రాదు. కాల్చిన మట్టిలోని సిలికా, అల్యూమినా ఆ తడిసున్నాన్ని పట్టుకుని మరికొంత జిగురు తయారుచేస్తాయి. థర్మల్ కేంద్రాల బూడిద చేసేదీ ఇదే. అయితే దీనికో హద్దుంది. తడిసున్నం ఇచ్చేది క్లింకరే కాబట్టి, క్లింకరు తగ్గించి మట్టిని పెంచుకుంటూ పోతే ఒక దశలో సున్నం అయిపోతుంది, మిగిలిన మట్టి పని లేకుండా కూర్చుంటుంది.

సున్నపురాయి పొడి ఇబ్బంది వేరు. మామూలు సిమెంటులో అది కొద్ది శాతం మాత్రమే చర్యలో పాల్గొంటుంది, తక్కినదంతా ఉత్త నింపుడు సరుకు. దానికి జోడు కావలసిన అల్యూమినా సిమెంటులో చాలినంత ఉండదు. ఆ అల్యూమినా కాల్చిన మట్టిలో దండిగా ఉంది. అది, సున్నపురాయి, తడిసున్నం మూడూ కలిస్తే కార్బోఅల్యూమినేట్ అనే స్ఫటికాలు ఏర్పడతాయి. ఇవి ఎక్కువ చోటు ఆక్రమించే రకం. గట్టిపడుతున్న ముద్దలో నీళ్లు వదిలేసిన సందుల్లోకి చొరబడి వాటిని పూడుస్తాయి.

నాకు బాగా నచ్చింది 30కి 15 అన్న లెక్క. ఇది నాలుగు రకాలు కలిపి చూసి ఏది బాగుంటే అది పట్టుకున్న అంకె కాదు. కాల్చిన మట్టిలోని మెటాకయోలిన్ ఒక అణువుకి సున్నపురాయి ఒక అణువు జతపడుతుందని రసాయన సమీకరణం చెబుతుంది. మొదటిదాని బరువు 222, రెండోదాని బరువు 100. తూకంలో అది దాదాపు రెండుకు ఒకటి. పాళ్లను కాగితం మీద ముందే కట్టారు, ప్రయోగశాలలో అది నిజమైంది. తర్వాతి పరిశోధనల్లో ఈ చిత్రం కొంచెం మారిన మాట కూడా చెప్పాలి. సున్నపురాయి మొత్తం కరగదు. మట్టిలో పెద్ద భాగం జిగురులోకే పోతుంది, రాతిపొడిలో చాలావరకు పొడిగానే మిగిలి, జిగురు మొలకెత్తడానికి తన ఉపరితలాన్ని అందిస్తుంది. సమీకరణం చెప్పినంత శుభ్రంగా జరగకపోయినా, రెండుకు ఒకటి నిష్పత్తి పనిలో నిలబడింది.

మట్టి ఎంపికలో ఇంకో తెలివి ఉంది. మెటాకయోలిన్‌ను కాంక్రీటులో వాడటం అంతకు ముందే ఉంది, కానీ అది కాగితానికి, పింగాణీకి పనికొచ్చే తెల్లని మేలురకం మట్టి నుంచి వచ్చేది. సిమెంటు కంటే ఎన్నో రెట్లు ఖరీదు. అంత స్వచ్ఛత అక్కర్లేదని, మట్టిలో కయోలినైట్ అనే ఖనిజం 40 శాతం ఉంటే సరిపోతుందని లోజాన్‌లో ఫ్రాంస్వా ఆవే చేసిన పని చూపించింది. ఏడో రోజుకల్లా అలాంటి మట్టితో చేసిన ఎల్‌సీ3 బలం మామూలు సిమెంటుతో సరితూగుతుంది. అంతకు మించి స్వచ్ఛమైన మట్టి కోసం వెతకనక్కర్లేదు. పింగాణీ వాళ్లు పక్కన పారేసే మట్టి దీనికి చాలన్నమాట. చాలా పరిశోధనలు మేలైన సరుకు వెంట పరుగెడతాయి. ఎంత నాసిరకంతో పని జరుగుతుందో ఓపిగ్గా కొలిచిన ఈ పని నాకు వాటికంటే గొప్పగా కనిపిస్తుంది.

ఆ మట్టిని కాల్చడానికి 700 నుంచి 850 డిగ్రీలు చాలు. కయోలినైట్ నిర్మాణంలోనే కట్టుబడి ఉన్న నీరు అక్కడ వదిలిపోతుంది. ఆ ఖనిజం బరువులో 14 శాతం అదే. పైకి లేచేది ఆవిరే. అల్యూమినియం చుట్టూ ఆరేసి చొప్పున కుదురుగా కూర్చున్న ఆక్సిజన్ల అమరిక చెదిరి, చాలా చోట్ల అయిదు, నాలుగు మిగులుతాయి. ఆ అస్తవ్యస్తమే మట్టికి చురుకుదనం. న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్ పరీక్షలో ఈ అయిదుల వంతును విడిగా చూడవచ్చు. కాక తగ్గితే మట్టి మట్టిగానే ఉంటుంది. 900 దాటితే మళ్లీ కొత్త స్ఫటికాలుగా సర్దుకుని మొద్దుబారుతుంది. అరిసెల పాకం దగ్గర నిలబడ్డవాళ్లకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

క్యూబాలోని సిగ్వానే ఫ్యాక్టరీలో మొదటి పారిశ్రామిక ప్రయోగం జరిగినప్పుడు మట్టిని కాల్చింది క్లింకరు కోసం కట్టిన పాత తిరుగుడు బట్టీలోనే. రెట్టింపు వేడికి అలవాటుపడ్డ బట్టీని ఇంత చల్లగా, ఇంత సమంగా నడపడం తేలిక కాదు. అయినా ఉన్న బట్టీతోనే మొదలుపెట్టడంలో ఈ పరిశోధన స్వభావం కనిపిస్తుంది. కొత్త ఫ్యాక్టరీ కట్టాలన్న షరతు పెట్టి ఉంటే బీద దేశాల్లో ఇది పుస్తకాల్లోనే ఉండిపోయేది.

పల్లెటూరి గనిలో తవ్విన మట్టి పనికొస్తుందో లేదో తేల్చడానికి ఇదే బృందం ఆర్3 అనే పరీక్షను తయారుచేసింది. అందులో క్లింకరు అసలుండదు. కాల్చిన మట్టికి తడిసున్నం, సున్నపురాయి పొడి, కొద్దిగా క్షార లవణాలు చేర్చి 40 డిగ్రీల దగ్గర ఉంచి, ఎంత వేడి పుట్టిందో కొలుస్తారు. క్లింకరు గొడవ తీసేశారు కాబట్టి మట్టి చురుకుదనం ఒక్కటే బయటపడుతుంది. నెల రోజులు దిమ్మెలు నానబెట్టి చూసే పని వారంలో తేలిపోతుంది. 2020లో అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎమ్ దీన్ని తన ప్రమాణాల్లో చేర్చుకుంది.

ఇక తాపీ మేస్త్రీ చేతికి వచ్చేసరికి ఏం జరుగుతుంది? ఇక్కడే చాలా కొత్త సిమెంట్లు బోల్తా పడతాయి. ఎల్‌సీ3కి కూడా చిక్కులున్నాయి. కాల్చిన మట్టి గింజలు పలచటి రేకుల్లా ఉండి నీళ్లు ఎక్కువ తాగుతాయి, మాలు బంకగా, బిగుతుగా ఉంటుంది. మేస్త్రీ అలవాటు కొద్దీ ఇంకో చెంబు నీళ్లు పోస్తే పొందిన బలం అక్కడే పోతుంది. ప్లాస్టిసైజర్ అనే పలచబరిచే రసాయనం తప్పనిసరి. రెడీమిక్స్ ప్లాంటులో ఇది సమస్య కాదు, సందులో కట్టే రెండంతస్తుల ఇంటి దగ్గర సమస్యే.

జిప్సం కూడా మామూలు పాళ్లలో చాలదు. మట్టి, రాతిపొడి మెత్తదనం వల్ల జిగురు చకచకా పుట్టి, ఆ జిగురే సల్ఫేటును తన మీదికి లాక్కుంటుంది. సల్ఫేటు ముందే అయిపోతే చర్యల వరస తప్పి మొదటి రోజుల బలం దెబ్బతింటుంది. అందుకే ప్రతి కొత్త మట్టికీ ఎంత జిప్సం కావాలో విడిగా చూసుకోవాలి. సంచీ మీద ఈ సంగతులేవీ కనబడవు, సంచీ లోపలి నాణ్యత మాత్రం వీటిమీదే నడుస్తుంది.

రంగు మాట కూడా ఉంది. మట్టిలో ఇనుము ఉంటే కాలినప్పుడు ఎర్రబారుతుంది, సిమెంటు ఇటుకపొడిలా కనిపిస్తుంది. బలంలో తేడా లేకపోయినా బూడిదరంగు కాని సిమెంటును కొనేవాడు నమ్మడు. దీన్ని ఉపన్యాసాలతో మార్చబోకుండా బట్టీ దగ్గరే సరిచేశారు. మట్టి చల్లారేటప్పుడు ఆక్సిజన్ తక్కువగా ఉండేలా చూస్తే ఎర్రటి ఇనుప ఆక్సైడు నల్లటి రకంగా మారి, పొడి బూడిదరంగుకు తిరుగుతుంది. కొనేవాడి అనుమానాన్ని కూడా ఇంజినీరింగ్ సమస్యగానే లెక్కగట్టడం చూసి నాకు ముచ్చటేసింది.

మన్నిక విషయంలో ఒక పెద్ద బలం, ఒక బలహీనత. సముద్రపు గాలికి మన కోస్తా ఊళ్లలో స్లాబులు పెచ్చులూడటం అందరూ చూసిందే. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటు సందుల గుండా చువ్వదాకా వెళ్లి తుప్పు పట్టిస్తుంది. ఎల్‌సీ3లో ఆ సందులు మరీ సన్నం. ఐఐటీ మద్రాస్ బృందం 2018లో అచ్చువేసిన ఫలితాల్లో క్లోరైడును అడ్డుకోవడంలో ఇది మామూలు సిమెంటునూ, బూడిద సిమెంటునూ కూడా దాటింది. బలహీనత కార్బొనేషన్‌ది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఎదిరించి చువ్వకు కాపలా కాసేది తడిసున్నం. దాన్ని మట్టి ముందే తినేసింది. అందువల్ల సరిగ్గా తడపని కాంక్రీటులో, కవర్ బ్లాకులు పెట్టకుండా చువ్వను పైకి తేల్చి పోసిన స్లాబులో ఈ సిమెంటు మామూలు సిమెంటు కంటే తొందరగా లొంగిపోవచ్చు. ఉప్పుగాలి ఊరికి వరమైనది నిర్లక్ష్యపు పనికి అంత మంచిది కాదు.

మన దేశంలో ఇంకో లెక్క చూసుకోవాలి. వట్టి పోర్ట్‌లాండ్ సిమెంటుతో పోలిస్తే ఎల్‌సీ3 కార్బన్ డయాక్సైడ్‌ను 40 శాతం దాకా తగ్గిస్తుందంటారు, నిజమే. కానీ మనం ఇళ్లకు కొనేది ఎక్కువగా పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటు. దాంట్లో బూడిద 35 శాతం దాకా ఉండొచ్చు. దానితో పోల్చితే లాభం అంత పెద్దది కాదు, ఆ మాట దాచడం మంచిది కాదు. అయితే బూడిద నెమ్మది సరుకు. ఎల్‌సీ3 వారానికే బలం పుంజుకుంటుంది కాబట్టి సెంట్రింగ్ విప్పడానికి అంత ఆగనక్కర్లేదు. బూడిద బొగ్గున్నంత కాలమే దొరుకుతుంది, మట్టికి ఆ భయం లేదు. ఐఐటీ ఢిల్లీలో శశాంక్ బిష్ణోయ్ బృందం, ఐఐటీ మద్రాస్, ఐఐటీ బొంబాయి కలిసి ఇక్కడి మట్టితో, ఇక్కడి వేడిలో దీన్ని పరీక్షించారు. ఝాన్సీలో నమూనా ఇల్లు కట్టి చూశారు. 2023లో భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 18189 పేరుతో దీనికి ప్రమాణం ఇచ్చింది. అంతకు ముందే 2020లో కొలంబియాలో ఆర్గోస్ కంపెనీ రియోక్లారో ఫ్యాక్టరీలో మట్టి కాల్చడం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది.

ఎల్‌సీ3లో వేసే సున్నపురాయి క్లింకరుకు కావలసినంత స్వచ్ఛంగా ఉండనక్కర్లేదు, గనివాళ్లు వద్దని తోసేసినదైనా చాలు. తాండూరు, బేతంచర్ల, తాడిపత్రిల నాపరాయి సున్నపురాయే. అక్కడ పాలిషింగ్ యూనిట్ల పక్కన పేరుకునే ముక్కలు, తెల్లటి బురద ఇప్పటికి రోడ్డు పక్క గుట్టలే. ద్వారకా తిరుమల చుట్టుపక్కల తవ్వే మట్టి పింగాణీ పరిశ్రమకు పోతుంది. అందులో పక్కకు తీసేసిన నాసిరకంలో కయోలినైట్ 40 శాతం తేలితే సగం పని అయినట్టే. ఆ మట్టి చురుకుదనం తేల్చడానికి ఆర్3 పరీక్షకు రెండో పద్ధతి కూడా ఉంది. వేడి కొలిచే ఖరీదైన కేలరీమీటరు లేకపోయినా, గట్టిపడ్డ నమూనాను ముందు ఆరబెట్టి, ఆపై 350 డిగ్రీలకు కాల్చి, పోయిన బరువును బట్టి అందులో ఎంత నీరు కట్టుబడిందో లెక్కగట్టవచ్చు. ఓవెన్, చిన్న ఫర్నేసు, నమ్మకమైన తక్కెడ చాలు; అవి మన జిల్లా ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ ల్యాబుల్లో చాలాచోట్ల ఉన్నవే.