ఫ్రెంచి కథలలో ఉన్మాదిని – కథకుని ప్రమాణము

ఫ్రెంచి కథావాఙ్మయమున స్త్రీల యున్మాదమును విచారించువారు సాధారణముగా దాని కారణములను వెదకుదురు: యుద్ధము, వియోగము, ప్రణయభంగము. కారణవిచారము ఆవశ్యకమే. కాని దానికి ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదని మా యభిప్రాయము. ఆ యున్మాదమును మనకు చెప్పువా రెవరు? ఆమెకు మతి లేదనుటకు వారు గైకొన్న ప్రమాణ మేది?

బాల్జాక్ 1830లో ప్రకటించిన 'అద్యూ' (వీడ్కోలు) అను కథను మొదట పరిశీలింతము. 1812లో నెపోలియను సేన రష్యానుండి మరలుచు బెరెజీనా నదిని దాటునపుడు, ఫిలిప్ అను సైనికాధికారి తెప్పపై తన చోటును ప్రియురాలగు స్టెఫనీకిని, ఆమె భర్తకును విడిచి తాను ఒడ్డుననే నిలిచిపోయెను. ఆమె యప్పుడు పలికిన వీడ్కోలుమాట యొక్కటే, అర్థము తొలగి, ఆమె నోట మిగిలెను. ఏండ్ల తరువాత అతడు చూచునప్పటికి ఆమె వైద్యుడగు బంధువు సంరక్షణలో చెట్లెక్కుచు స్వేచ్ఛగా తిరుగుచున్నది. కాని అతనిని గుర్తింపదు. ఫిలిప్‌నకు దుస్సహమైన దదియే. అతడు తన భూమిలో కాలువ త్రవ్వించి, గుడిసెలు కట్టించి, చింపిగుడ్డలు తొడిగిన జనమును నిలిపి, ఆ మంచుమైదానమును పునస్సృష్టి గావించెను. స్టెఫనీకి తెలివి వచ్చెను, అతనిని గుర్తించెను, వీడ్కోలు చెప్పి మరణించెను.

ఇందు స్వస్థతకు కొలత పురుషుని గుర్తించుటయే. మాటకు అర్థము తిరిగి వచ్చిన క్షణమే ఆమెకు అంత్యక్షణ మగుట గమనింపదగినది. బాల్జాక్ ఈ చికిత్సను సమర్థించెనని మేమనము. ఫిలిప్ తుదకు ఆత్మహత్య చేసికొనుటయే కథ యిచ్చిన తీర్పు. ఆ తీర్పును విమర్శకులే మఱచిరి. పీఠికాకర్తలు ఇందలి యుద్ధవర్ణనను మెచ్చి స్టెఫనీని ప్రక్కకు నెట్టిన తీరును షొషానా ఫెల్మన్ 1975 నాటి వ్యాసమున నిరూపించెను.

మొపాసా 1882లో వ్రాసిన 'లా ఫోల్' (పిచ్చిది) మఱింత కఠినము. తండ్రిని, భర్తను, పసిబిడ్డను ఒక్క నెలలో కోల్పోయిన స్త్రీ పదునైదేండ్లు మంచము విడువదు. ప్రష్యను అధికారి ఆమె మౌనమును అహంకారముగా నెంచి, పరుపుతో గూడ అడవిలో విడిపించును. అపార్థమే యిచట హంతకము.

మార్గరీత్ ద్యురాస్ రచించిన 'లోల్ వి. స్టైన్' నవల (1964) ఈ ప్రమాణమునే ప్రశ్నించుచున్నది. నాట్యసభలో తన వరుడు అన్యకాంతతో వెడలిపోగా చూచిన లోల్ కథను చెప్పువాడు ఆమెపై మోహము గల పురుషుడే. అతడు తన పేరును చాలసేపు దాచును. తెలియనిచోట కల్పించుచున్నానని యొప్పుకొనును. ఇంతమాత్రమున లోల్ గొంతు మనకు వినబడినదా? లేదు. కాని అది వినబడుట లేదను సంగతి మనకు స్పష్టమగుచున్నది.

బాల్జాక్ నుండి ద్యురాస్ వఱకు గల పురోగతి రోగజ్ఞానమున కంటె కథకుడు తన యజ్ఞానమును ఒప్పుకొనుటయందే యున్నదని మేము తలంతుము. పరిశోధకవిద్యార్థులు ఉన్మాదిని చరిత్రను చదువునపుడు ఆమె లక్షణములను లెక్కించుటకు ముందు, లెక్కించుచున్నవానిని పరీక్షింపవలెను. లేనిచో మనమును ఫిలిప్ వలె, ఆమెను మన యెదుట నిలుపుటకై మఱియొక కాలువ త్రవ్వినవారమే యగుదుము.